దారి ఎంచుకునేది డేటాబేసే

ఎస్‌క్యూఎల్‌లో మనం రాసేది ఏం కావాలో మాత్రమే. ఎలా తేవాలో రాయం. ఫలానా మండలంలోని ఖాతాదారుల పేర్లు అడిగితే, టేబుల్ మొదటి వరుస నుంచి చివరిదాకా చదవాలా, ఇండెక్స్ పట్టుకుని నేరుగా ఆ వరుసల దగ్గరికే వెళ్లాలా అన్నది డేటాబేస్ తేల్చుకోవాలి. టేబుళ్లు పెరిగితే ఏది ముందు కలపాలన్న లెక్క కూడా తోడవుతుంది. పది టేబుళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా కలపడానికి ఉన్న వరుసక్రమాలే 36,28,800.

ఇన్నిటిలో ఒకదాన్ని ఎంచే పద్ధతికి గట్టి పునాది 1979లో పడింది. ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో ‘సిస్టమ్ ఆర్’ మీద పనిచేస్తున్న పెట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు ప్రతి దారికీ ఒక ఖర్చు కట్టారు: డిస్క్ నుంచి ఎన్ని పేజీలు తేవాలి, ప్రాసెసర్ మీద ఎంత పని పడుతుంది అని. వరుసక్రమాలన్నిటినీ విడివిడిగా లెక్కించే పని లేకుండా, రెండేసి టేబుళ్లకు దొరికిన చవకైన దారుల మీద మూడేసి టేబుళ్లవి, వాటి మీద నాలుగేసివి కట్టుకుంటూ పోయారు. నేటి డేటాబేస్‌లలో చాలావాటికి ఆధారం ఈ ఆలోచనే.

ఇండెక్స్ ఉంటే అదే వేగమని చాలామంది నమ్మకం. టేబుల్లో సగం వరుసలు కావలసినప్పుడు మాత్రం ఇండెక్స్ వెంట అటూ ఇటూ గెంతడం కంటే మొత్తం చదివేయడమే మేలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తన లెక్కలో వరుసగా చదివే పేజీకి 1, అక్కడొకటి ఇక్కడొకటి చదివే పేజీకి 4 ఖర్చు వేసుకుంటుంది. మార్చకపోతే ఉండే విలువలివి.

అసలు చిక్కు అంచనాలో ఉంది. ఎన్ని వరుసలు వస్తాయో డేటాబేస్ ముందే ఊహించాలి. అందుకు పోస్ట్‌గ్రెస్ మామూలుగా 30,000 వరుసల నమూనా తీసి గణాంకాలు రాసి పెట్టుకుంటుంది. జిల్లా గుంటూరు, మండలం తెనాలి అని రెండు షరతులు పెట్టామనుకోండి. జిల్లా వాటా పదో వంతు, మండలం వాటా వందో వంతు అయితే, రెండూ గుణించి వెయ్యో వంతు అనుకుంటుంది. తెనాలి ఉన్నదే గుంటూరు జిల్లాలో కాబట్టి నిజంగా వచ్చేది వందో వంతు. అంచనా పది రెట్లు తప్పింది. కొద్ది వరుసలే కదా అని, బయటి టేబుల్లోని ప్రతి వరుసకూ లోపలి టేబుల్ని వెతికే నెస్టెడ్ లూప్ ఎంచుకుంటే, లోపలి టేబుల్ని అనుకున్నదానికి పది రెట్లు ఎక్కువసార్లు వెతకాల్సి వస్తుంది. ఇలాంటి జంట కాలమ్‌ల సంబంధాన్ని చెప్పే వీలు పోస్ట్‌గ్రెస్‌కు 2017లో పదో వెర్షన్‌తో వచ్చింది.

అందుకే క్వెరీ నెమ్మదిస్తే ముందే ‘ఈ ఇండెక్సే వాడు’ అని బలవంతపెట్టడం నాకు సరైన పద్ధతి అనిపించదు. రేపు డేటా మారుతుంది, ఆ ఆదేశం మారదు. ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’తో క్వెరీని నడిపి, ప్రతి మెట్టు దగ్గరా ఊహించిన వరుసలూ వచ్చిన వరుసలూ పక్కపక్కన చూడాలి. లోపలి మెట్టు నుంచి పైకి చదువుతూ వస్తే, తేడా మొదట ఎక్కడ పుట్టిందో కనిపిస్తుంది. పాతబడిన గణాంకాలను తాజా చేయడం, జంట కాలమ్‌ల సంగతి చెప్పడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.