మెడికోలకు మర్యాద పాఠం ఎక్కడ మొదలవ్వాలి?

పేషెంటుతో ఎలా మాట్లాడాలి, రహస్యం ఎలా కాపాడాలి, తోటి డాక్టర్లతో ఎలా మెలగాలి? ఇవన్నీ ఇప్పుడు ఎంబీబీఎస్ సిలబస్‌లోనే ఉన్నాయి. 2019లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతటా ‘ఎట్‌కామ్’ తప్పనిసరి అయింది. వైఖరి, నైతికత, సంభాషణ అనే మాటల ఇంగ్లిష్ పొడి అక్షరాలతో ఏర్పడిన పేరది. మొత్తం 27 మాడ్యూళ్లు. లెక్చర్ల కంటే కేసుల మీద చర్చలకే ఎక్కువ చోటు. కోర్సు మంచిదే, మా పేచీ దానితో కాదు.

అదే ఏడాది మే 22న ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ ప్రాణం తీసుకున్నారు. తడ్వీ భిల్ ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చి గైనకాలజీ పీజీ చేస్తున్న 26 ఏళ్ల డాక్టర్ ఆమె. ముగ్గురు సీనియర్లు కులం పేరుతో వేధించారని, పేషెంట్ల ముందే అవమానించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. కేసు నమోదైంది.

ఇలాంటివి జరిగేది క్లాసులో కాదు, వార్డులో. ప్రవర్తన నేర్చుకునేదీ అక్కడే. సిఫార్సుతో వచ్చినాయన్ని ‘మీరు’ అని, కూలి పని మానుకొని వచ్చినామెను ‘ఏయ్, ఇటు రా’ అని పిలిచే సీనియర్‌ను మెడికో రోజూ చూస్తాడు. ఒకరిని చెయ్యేసి పరీక్షించి, మరొకరికి దూరం నుంచే మందు రాయడమూ చూస్తాడు. పరీక్షలో ఏ జవాబు రాసినా, రేపు చేసేది చూసిందే.

విద్యార్థుల మధ్య కూడా అంతే. ‘నీ ర్యాంకెంత?’ అన్న ప్రశ్న వెనుక ‘నీ కులమేంటి?’ ఉంటుందని మనకు తెలియనిది కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎదుర్కొంటున్న వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నివేదికకెక్కించింది. హాస్టల్ గదుల నుంచి ప్రాక్టికల్స్, వైవాల దాకా.

చిక్కు ఇంకోటి ఉంది. ఇంటర్నల్ మార్కులు వేసేదీ, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేదీ అదే డిపార్ట్‌మెంట్ పెద్దలు. జూనియర్ ప్రవర్తనకు మార్కులున్నాయి, మరి ప్రొఫెసర్ ప్రవర్తనకు? వార్డులో ఆయన ఎలా మాట్లాడారో విద్యార్థులు, నర్సులు, పేషెంట్లు పేరు రాయకుండా చెప్పే వీలుండాలని మేం అడుగుతున్నాం.

అంతవరకూ ఒక పని చేయొచ్చు. మీ కాలేజీలో ఎట్‌కామ్ చర్చ జరిగే రోజు ఈ కేసు మీరే ముందు పెట్టండి: పేషెంటు ముందే ఒక పీజీని సీనియర్ ‘కోటా డాక్టర్’ అన్నాడు. పక్కనే యూనిట్ చీఫ్, ఇద్దరు హౌస్ సర్జన్లు ఉన్నారు. ఎవరు ఏం చేయాలి? మొదటి జవాబు క్లాసు తీసుకుంటున్న సార్‌నే అడగండి.