నిర్ణయ సహాయక వ్యవస్థలు: శ్రీకాంత్ బెల్లంకొండ, ఆయన సహచరుల కృషి

ప్రస్తావన

డేటాబేస్‌లో వివరాలను పట్టికలుగా ఎలా భద్రపరుస్తారో, వాటిని ఎస్‌క్యూఎల్ ద్వారా ఎలా తిరిగి పొందుతారో మీరు ఇంతకుముందు చదివారు. ఆ వివరాల ఆధారంగా నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు డేటాబేస్ ఎంతవరకు తోడ్పడుతుందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

వరంగల్ మట్టెవాడలో ఒక బట్టల దుకాణం ఉందనుకోండి. ప్రతి బిల్లులోని తేదీ, రకం, ధర, సంఖ్య కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. దసరాకు సరుకు తెప్పించే సమయం వచ్చింది. పెట్టుబడికి అప్పు తేవాలి. ఎక్కువ తెప్పిస్తే మిగిలిపోయిన చీరల మీద వడ్డీ పెరుగుతుంది. తక్కువ తెప్పిస్తే బతుకమ్మ ముందు వచ్చిన గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. యజమానికి కావలసింది నిన్నటి బిల్లు కాదు. ఏ రకం అమ్మకాలు పెరుగుతున్నాయి, ఏవి తగ్గుతున్నాయి, నిరుటితో పోలిస్తే ఎలా ఉన్నాయి అన్నదే ఆయన ప్రశ్న. ఇలాంటి ప్రశ్నలకు జవాబు ఇచ్చేవాటినే నిర్ణయ సహాయక వ్యవస్థలు అంటాం.

వీటి గురించిన చర్చ 1970ల తొలి రోజుల నుంచే ఉంది. ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించారు. డేటాను అనేక కోణాల నుంచి విశ్లేషించే పద్ధతికి ఓలాప్ అన్న పేరు 1993లో ఆయన పత్రంతోనే వాడుకలోకి వచ్చింది. అయితే ఈ రెండింటి మధ్య చాలాకాలం ఒక గోడ ఉండేది. లెక్కలు డేటాబేస్‌లో ఉండేవి, విశ్లేషణ మాత్రం బయట ఎక్కడో స్ప్రెడ్‌షీట్‌లోనో, వేరే సాఫ్ట్‌వేర్‌లోనో జరిగేది. ఆ గోడను తొలగించడానికి పనిచేసిన వారిలో ఒరాకిల్ సంస్థ ఇంజనీరు శ్రీకాంత్ బెల్లంకొండ ఒకరు. పల్నాటిలోని బెల్లంకొండ ఊరు తెలిసిన వారికి ఈ ఇంటిపేరు చూడగానే ఆసక్తి కలుగుతుంది. ఆండ్రూ విట్కోవ్‌స్కీ, అభినవ్ గుప్తా, శంకర్ సుబ్రమణియన్ మొదలైనవారితో కలిసి ఆయన చేసిన పని పరిశోధన పత్రాలుగా వెలువడింది. ఆ పత్రాలను వరుసగా చదివితే ఒక వృత్తి జీవితం ఎటు సాగిందో తెలుస్తుంది.

పక్క వరుసను చూడగలగడం

మొదటి ఎస్‌క్యూఎల్‌లో ఒక వింత లోపం ఉండేది. ఒక వరుసకు దాని ముందు వరుస ఏమిటో తెలియదు. మన దుకాణంలో మొదటి రోజు నుంచి ఏ రోజుకారోజు మొత్తం ఎంతకు చేరిందో, అంటే కూడుతూ వచ్చే మొత్తం, కావాలనుకుందాం. గుమాస్తా అయితే ఖాతా పుస్తకంలో పై అంకెకు కింది అంకె కలుపుకుంటూ పోతాడు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం పట్టికను దానితోనే జత చేసి, ప్రతి రోజుకూ దానివరకు ఉన్న రోజులన్నింటినీ మళ్ళీ కూడవలసి వచ్చేది. 1000 రోజుల లెక్కకు ఇలా జత అయ్యే వరుసలు 5,00,500. గుమాస్తాకు 1000 కూడికలు చాలు.

ఒరాకిల్ 8ఐ రెండవ విడుదలలో వచ్చిన విశ్లేషణ ఫంక్షన్లు ఈ లోపాన్ని తీర్చాయి. వాటిని వివరించిన పత్రంలో మొదటి పేరు బెల్లంకొండదే. ఇక్కడ పద్ధతి గుమాస్తాదే. ముందు వరుసలను రకాలవారీగా విడగొట్టాలి. దీన్ని పార్టిషన్ బై అంటారు. తర్వాత ఒక్కో విభాగంలో తేదీల క్రమంలో పేర్చాలి. ఇది ఆర్డర్ బై. ఆ తర్వాత పై నుంచి కిందికి ఒక్కసారి నడుస్తూ లెక్క వేయాలి. ర్యాంక్ స్థానాన్ని చెబుతుంది, లాగ్ వెనకటి వరుసను చూపుతుంది, లీడ్ తర్వాతి వరుసను చూపుతుంది. గ్రూప్ బై వాడితే బిల్లులన్నీ కలిసిపోయి ఒక్క మొత్తమే మిగులుతుందని మీకు తెలుసు. వీటితో అలా కాదు, ప్రతి బిల్లూ అలాగే ఉంటుంది, దాని పక్కనే లెక్క చేరుతుంది. ఈ ఫంక్షన్లు తర్వాత ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చేరాయి. ఈనాడు మీరు పోస్ట్‌గ్రెస్‌లో నేర్చుకున్నా, మైఎస్‌క్యూఎల్‌లో నేర్చుకున్నా ఇవే రాస్తారు.

మీరే ప్రయత్నించండి: మన దుకాణంలో 2024 సెప్టెంబర్ అమ్మకాలు 6 లక్షలు, అక్టోబర్‌లో 14 లక్షలు. 2025 సెప్టెంబర్‌లో 15 లక్షలు, అక్టోబర్‌లో 7 లక్షలు. ఇవి ఊహించిన అంకెలు. నెలవారీ పట్టికపై లాగ్‌తో 12 వరుసలు వెనక్కి వెళ్ళి ఈ అక్టోబర్‌ను నిరుటి అక్టోబర్‌తో పోల్చండి.

అమ్మకాలు సగానికి పడిపోయాయన్న జవాబు వస్తుంది. యజమాని దీన్ని నమ్మితే సరుకు సగానికి తగ్గిస్తాడు. కానీ 2024లో దసరా అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2న వచ్చింది. పండుగ కొనుగోళ్ళు సెప్టెంబర్‌లోకి జరిగాయి. రెండు నెలలూ కలిపి చూస్తే 20 లక్షలు 22 లక్షలయ్యాయి. ఫంక్షన్ తప్పు చేయలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు. వ్యవస్థ నిర్ణయానికి సహాయకారి మాత్రమే అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

డేటాబేస్‌లోనే స్ప్రెడ్‌షీట్

"వచ్చే దసరాకు పట్టుచీరలు గత రెండు దసరాల సగటంత అమ్ముడుపోతాయనుకుంటే మొత్తం ఎంత?" ఇలాంటి అంచనాకు అందరూ స్ప్రెడ్‌షీటే తెరుస్తారు. చిన్న లెక్కకు అది చాలు. బిల్లులు లక్షల్లో ఉన్నప్పుడు మాత్రం డేటాను బయటికి తీసుకుపోవడమే పెద్ద పని. ఆ నకలు తీసిన మరుక్షణం నుంచి పాతబడుతుంది కూడా.

2003లో సిగ్మాడ్ సదస్సులో విట్కోవ్‌స్కీ, బెల్లంకొండ, వారి బృందం సమర్పించిన పత్రం స్ప్రెడ్‌షీట్‌నే డేటాబేస్‌లోకి తెచ్చింది. ఒరాకిల్ 10జీలో ఇది మోడల్ క్లాజ్‌గా వచ్చింది. ఇందులో గడిని బి7 అని పిలవనవసరం లేదు. పట్టుచీరలు, 2025 అని కొలతల పేర్లతోనే పిలవవచ్చు. ఆ కొలతలను మనమే ఎంచుకుంటాం. నెలకు బదులు "దసరాకు ముందు ఎన్నో వారం" అన్నదాన్ని కొలతగా పెట్టుకుంటే ఇందాకటి పొరపాటు జరగదు. ఆటోమేటిక్ ఆర్డర్ అని చెబితే, సూత్రాలను ఏ క్రమంలో రాసినా ఏది దేనిపై ఆధారపడిందో వ్యవస్థ గుర్తించి, లెక్క వేసే క్రమాన్ని తానే నిర్ణయిస్తుంది. ఈ క్లాజ్ వ్రాత విధానం కొంచెం కష్టమే. విశ్లేషణ ఫంక్షన్లంతగా ఇది జనంలోకి పోలేదు.

ఖాళీ గడి చేసే హాని

2009లో వీఎల్‌డీబీ సదస్సులో బెల్లంకొండ ప్రథమ రచయితగా వచ్చిన పత్రం ఉపప్రశ్నలకు సంబంధించినది. ఆ రకం చీరల సగటు బిల్లు కంటే ఎక్కువైన బిల్లులు చూపమని అడిగామనుకోండి. మామూలుగా బిల్లుల పట్టికను రెండుసార్లు చదవాలి, సగటు కోసం ఒకసారి, పోల్చడానికి ఇంకొకసారి. అవసరమైన షరతులు సరిపోయినప్పుడు వ్యవస్థ ఆ ఉపప్రశ్నను తీసేసి, దాని స్థానంలో విశ్లేషణ ఫంక్షన్ పెట్టుకుంటుంది. అప్పుడు ఒక్క చదువుతో సరిపోతుంది. దశాబ్దం కిందట వాడేవారి కోసం చేసిన పనిముట్టు ఇప్పుడు డేటాబేస్ తన లోపలి పనికే ఉపయోగించుకుంది.

ఆ పత్రంలోని మరో అంశం పరీక్షల్లోనూ ఉద్యోగాల్లోనూ మీకు ఎదురవుతుంది. తెప్పించిన రకాల్లో ఒక్కటి కూడా అమ్ముడుపోనివి ఏవి అని నాట్ ఇన్ వాడి అడిగారు. బిల్లుల్లో ఒక్కదానిలో రకం గడి ఖాళీగా, అంటే నల్‌గా, ఉండిపోయింది. జవాబుగా ఒక్క వరుసా రాదు. ఆ ఖాళీ గడి ఏ రకమైనా కావచ్చు గనుక "ఇది అమ్ముడుపోలేదు" అని దేని గురించీ ఎస్‌క్యూఎల్ ఖచ్చితంగా చెప్పలేదు. అన్నీ అమ్ముడుపోయాయనుకుని యజమాని మళ్ళీ అవే తెప్పిస్తాడు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడడం, లేదా ఉపప్రశ్నలోనే నల్‌లను వదిలేయడం దీనికి విరుగుడు.

డేటాబేస్ మాత్రం ప్రమాణం చెప్పిన అర్థాన్ని మార్చకూడదు. నల్ వచ్చే అవకాశం ఉన్నచోట వేగవంతమైన యాంటీజాయిన్ వాడితే అర్థం చెడుతుంది, అందుకని దాన్ని పక్కన పెట్టి నెమ్మదిగా పోల్చవలసి వచ్చేది. నల్‌ను లెక్కలోకి తీసుకునే కొత్త రకం యాంటీజాయిన్‌ను ఈ బృందం వివరించింది. జవాబు మారలేదు, వేగం పెరిగింది.

2013 నాటి పత్రం అనేక ప్రాసెసర్లు ఒకే ప్రశ్నపై కలిసి పనిచేయడం గురించి. పనిని రకాలవారీగా పంచితే, దసరా రోజుల్లో ఒక్క పట్టుచీరల వాటానే కొండలా పెరుగుతుంది. ఒక ప్రాసెసర్ దానితో సతమతమవుతుంటే మిగిలినవి ఖాళీగా ఉంటాయి. పని మొదలుకాకముందు ఆప్టిమైజర్ వేసే అంచనా తప్పవచ్చని ఈ పత్రం ముందే ఒప్పుకుంటుంది. పని నడుస్తుండగానే అసలు డేటాను లెక్కించి, దాన్నిబట్టి వాటాలు ఎలా పంచాలో అప్పుడే నిర్ణయించే పద్ధతులను చూపుతుంది.