పద్నాలుగు కిలోల తేనె

బదిలీ ఉత్తర్వు రాగానే మనలాంటి ఇళ్ళల్లో ఒక బెంగ మొదలవుతుంది. ఈ ఊళ్ళో దొరికేది ఆ ఊళ్ళో దొరుకుతుందో లేదో అని. ఒకరు పచ్చళ్ళు కట్టుకుంటారు, ఒకరు బియ్యం బస్తా లారీలో వేయిస్తారు. విశాఖపట్నం నుంచి పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌కు బదిలీ అయిన ఏడాది మా బెంగంతా తేనె మీద పడింది.

చలికాలం మొదలయ్యే వేళకు అరకు లోయలో కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంటాయి. అక్కడ పెట్టెల్లో తేనెటీగలను పెంచే ఒక గిరిజన మహిళ దగ్గర మేము అప్పుడప్పుడు ఒక సీసా కొనేవాళ్ళం. వెళ్ళిపోతున్నాం కదా అని ఈసారి పది లీటర్ల డబ్బా పట్టుకెళ్ళాం. "అంత ఎందుకమ్మా? మళ్ళీ వచ్చినప్పుడు కొనుక్కోండి" అందామె. మళ్ళీ ఎప్పుడు వస్తామో మాకే తెలియదు. డబ్బా నింపించుకున్నాం.

ఎత్తినప్పుడు తెలిసింది అసలు బరువు. లీటరు నీళ్ళు కిలో తూగితే లీటరు తేనె దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు తూగుతుంది. అంటే మా డబ్బాలో ఉన్నది పద్నాలుగు కిలోలు. చిన్న చెంచా తేనె సుమారు 7 గ్రాములు. నలుగురం రోజుకు ఒక్కో చెంచా తింటే 28 గ్రాములు. పద్నాలుగు కిలోలు అయిపోవడానికి ఎన్ని రోజులో మీరే లెక్కకట్టండి. అవును, 500 రోజులు! అన్నాళ్ళు తేనెను చెడకుండా ఉంచడం ఎలాగో మాకు తెలియదు. రెండు పొరపాట్లు చేసి నేర్చుకున్నాం. మూడోది చేయబోయి తప్పించుకున్నాం.

మొదటి పొరపాటు వానాకాలంలో జరిగింది. రోజువారీ వాడకానికి ఒక సీసాలోకి తేనె వంచి, మూత సరిగ్గా బిగించకుండా వంటగట్టు మీద ఉంచాం. పిల్లలు పాలగ్లాసులో తిప్పిన తడి చెంచానే మళ్ళీ సీసాలో ముంచేవారు. కొన్ని వారాలకు తేనె మీద నురుగు కట్టింది. మూత తీస్తే పుల్లటి వాసన. తేనె ఎప్పటికీ చెడదని విన్న మాట నిజం కాదా?

నిజమే, కానీ ఒక షరతు ఉంది. తేనెకు నీరు తగలకూడదు. పూల మకరందంలో సగానికి పైగా నీరే. తేనెటీగలు దాన్ని పట్టులో పోసి, రెక్కలతో విసిరి విసిరి ఆరబెడతాయి. నీరు నూటికి 20 పాళ్ళ లోపుకు తగ్గాక గదికి మైనంతో మూత వేస్తాయి. అంత చక్కెర, అంత తక్కువ నీరు ఉన్నచోట సూక్ష్మజీవులు పెరగలేవు. వాటి ఒంట్లోని నీటిని కూడా తేనె లాగేసుకుంటుంది. పైగా తేనెకు కొంచెం ఆమ్లగుణం ఉంది. ఇవన్నీ దానికి కాపలా.

కానీ నీటిని లాగే ఆ గుణం వల్లే మూత తెరిచి ఉంచితే తేనె గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీటిశాతం పెరగగానే అందులో నిద్రపోతున్న ఈస్ట్ కణాలు మేలుకుంటాయి. తేనె పులుస్తుంది. తేనెటీగలు కష్టపడి తీసేసిన నీటిని మేము తడి చెంచాతో తిరిగి కలిపామన్నమాట. ఆ సీసా పారబోశాం.

అప్పటినుంచి మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. పెద్ద డబ్బాను రోజూ తెరవం. ఒక చిన్న సీసా నింపుకుని, అది అయ్యాకే మళ్ళీ డబ్బా జోలికి వెళ్తాం. నింపే ముందు సీసాను కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెడతాం. చెంచా పొడిగా ఉండాలి. గాజు సీసా, పింగాణీ జాడీ, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా మంచివి. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచకూడదు. తేనెలోని ఆమ్లం లోహాన్ని తింటుంది. పొయ్యి పక్కనా, ఎండ పడే కిటికీలోనా పెట్టకూడదు. చీమల కోసం మన అమ్మమ్మల ఉపాయమే: పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో సీసా. మూత మాత్రం గట్టిగా ఉండాలి.

రెండో పొరపాటు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. డిసెంబరు చివర ఒక ఉదయం డబ్బా మూత తీస్తే తేనె లేదు. నెయ్యిలా పేరుకున్న తెల్లటి ముద్ద ఉంది. గరిటె దిగలేదు. వేళ్ళ మధ్య నలిపితే చక్కెర పలుకుల్లా తగిలింది. "పంచదార పాకం కలిపి అమ్మింది" అనేశాం. అంతదూరం మోసుకొచ్చిన తేనెను ఎరువు గుంటలో పోసెయ్యడానికి డబ్బా బయటికి కూడా తెచ్చాం.

పక్క క్వార్టర్లో ఒక పెద్దావిడ ఉండేవారు. కాలనీ అంతా ఆమెను బీజీ అని పిలిచేది. ఆమె డబ్బాలోకి తొంగిచూసి నవ్వారు. లోపలికెళ్ళి తమ సీసా తెచ్చి బోర్లించారు. ఒక్క చుక్క జారలేదు. అది వాళ్ళ ఊరి ఆవపూల తేనె. ప్రతి చలికాలం అలాగే గట్టిపడుతుందట. వాళ్ళు దాన్ని రొట్టె మీద వెన్నలా రాసుకుని తింటారట.

తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలు ఉంటాయి: ఫ్రక్టోజ్, గ్లూకోజ్. ఫ్రక్టోజ్ నీటిలో సులువుగా కరుగుతుంది. గ్లూకోజ్ అంత సులువుగా కరగదు. తేనెలో ఉన్న కొద్దిపాటి నీటిలో అంత గ్లూకోజ్ ఇమడలేదు. సమయం చూసుకుని పలుకులుగా విడిపోతుంది. సుమారు 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ పని చాలా వేగంగా సాగుతుంది. విశాఖ వేడిలో కదలని తేనె పఠాన్‌కోట్ చలిలో గట్టిపడింది అందుకే. ఏ పువ్వు తేనె అన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కువగా ఉండే ఆవపూల తేనె త్వరగా పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే విశాఖలోనైనా గడ్డకడుతుంది.

కాబట్టి గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. గడ్డకట్టకపోవడం స్వచ్ఛతకూ గుర్తు కాదు. నీళ్ళలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించి చూడటం వంటి ఇంటి పరీక్షలు కల్తీని తేల్చలేవు. అది ప్రయోగశాల తేల్చాల్సిన పని. మేము మాత్రం ఏ పరీక్షా లేకుండానే, వెయ్యి మైళ్ళ దూరాన ఉన్న ఒక కష్టజీవిని మోసగత్తె అనేశాం. ఒక తేనెటీగ తన జీవితమంతా తిరిగి చేసే తేనె చిన్న చెంచాలో సుమారు పన్నెండో వంతు. అలాంటి తొమ్మిది కిలోలను ఎరువు గుంటలో పోయబోయాం.

గట్టిపడిన తేనెను కరిగించడం తేలిక. వేలు పెడితే హాయిగా ఓర్చుకోగలిగేంత వేడి నీళ్ళలో, అంటే 40 డిగ్రీల దగ్గర, మూత బిగించిన సీసాను నిలబెట్టండి. నీళ్ళు చల్లారితే మార్చండి. పెద్ద సీసాకు కొన్ని గంటలు పడుతుంది. తొందరపడి పొయ్యి మీద మరిగిస్తే కమ్మని వాసన పోతుంది, రంగు నల్లబడుతుంది. సగం పేరుకుని పైన పలుచగా తేలిందా? ఆ పైభాగంలో నీరు ఎక్కువ. పులిసేది ముందు అదే. కాబట్టి మొత్తం కరిగించి కలిపేయండి.

ఇక చేయబోయి ఆగిన పొరపాటు. కాలనీలో ఒక ఎనిమిది నెలల పాపకు దగ్గు వచ్చింది. మన ఇళ్ళల్లో పసిపిల్లల నాలుకకు తేనె రాయడం వాడుకే కదా అని ఒక చిన్న సీసా పట్టుకుని వెళ్ళాం. అక్కడే ఉన్న నర్సు అడ్డుకున్నారు. ఏడాది నిండని పిల్లలకు తేనె ఇవ్వకూడదు. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా విత్తనాలు తేనెలో ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు. పసిపేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. దానివల్ల కండరాలు చచ్చుబడి, ఊపిరి కూడా కష్టమవుతుంది. ఇంట్లో మరిగించినంత మాత్రాన ఆ విత్తనాలు చావవు. మీ ఇంట్లో చంటి తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ఒక్క మాట తప్పక గుర్తుంచుకోండి. ఏడాది దాటాక దగ్గుకు ఒక చెంచా తేనె ఉపశమనమే. ఇంకో మాట: చక్కెర వ్యాధి ఉన్న తాతగారికి తేనె కూడా చక్కెరే.

తొమ్మిది కిలోలను ఎలా ఖర్చు చేశామో విని మీరూ ప్రయత్నించవచ్చు. ఎండలో ఆడివచ్చిన పిల్లలకు నిమ్మరసం, తేనె, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళు ఇచ్చాం. కొర్రలు దోరగా వేయించి, పిండి పట్టించి, నెయ్యి, యాలకుల పొడి, తేనెతో ఉండలు చేశాం. తమిళనాడులో ఇదే కొర్రపిండిని, తేనెను కలిపి మురుగన్‌కు నైవేద్యం పెడతారు. ఉసిరికాయలను ఆవిరిపై ఉడికించి, బాగా ఆరబెట్టి, గాట్లు పెట్టి తేనెలో ముంచాం. కాయల్లోని రసం దిగి తేనె పలుచనవుతుంది. కాబట్టి దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి నెలలో ముగించాం. కేకులో కప్పు చక్కెర బదులు ముప్పావు కప్పు తేనె వేసి, పాలు పావు కప్పు తగ్గించాం. త్వరగా ఎర్రబడుతుంది, మంట తక్కువగా ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయింది పంచడంలో. పావు కిలో సీసాల్లో పోసి, "అరకు, వలిసె పువ్వు" అని కాగితం అంటించి ఇరుగుపొరుగుకు ఇచ్చాం. ఖాళీ సీసాలు ఖాళీగా తిరిగి రాలేదు. బీజీ సీసాలో ఆవపూల తేనె వచ్చింది. బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం సుందర్‌బన్ అడవి తేనె పోసి ఇచ్చింది. అది సహజంగానే పలుచన, నీటిపాలు ఎక్కువ. అందుకే దాన్ని ముందుగా తినేశాం.

తరువాత సెలవుల్లో అరకు వెళ్ళాం. ఆమె మమ్మల్ని గుర్తుపట్టి, "అంత తేనె ఏం చేశారమ్మా?" అని అడిగింది. కాలనీ అంతా తిన్నదని చెప్పాం. ఆమెను అనుమానించిన సంగతి మాత్రం చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఈసారి ఒక్క లీటరే కొన్నాం. సీసా మీద ఊరు, పువ్వు, తేదీ అక్కడే రాయించుకున్నాం. మీరు కూడా ఈసారి సామాను సర్దేటప్పుడు ఆ ఊరి తేనె ఒక చిన్న సీసా, పొడి మూతతో, రెండు సంచుల్లో చుట్టి పెట్టుకోండి. కొత్త ఊరి చలికి అది గట్టిపడితే కంగారు పడకండి. గోరువెచ్చని నీళ్ళు సిద్ధం చేసుకోండి.