కాస్నీ వేరు: మందుకు తోడు, మందుకు బదులు కాదు

రెండేళ్ల క్రితం రంజాన్ మాసం ముగిశాక రక్తపరీక్ష చేయించుకున్నాను. చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ 168 ఉన్నట్లు తేలింది. వైద్యుడు రోజూ వేసుకోమని ఒక మాత్ర రాశారు. నెల గడిచిందో లేదో, ఒక మిత్రుడు కాస్నీ వేరు పొడి తెచ్చి, "మౌలానా సాబ్, ఇది ఉండగా ఆ మాత్రలెందుకండీ?" అన్నారు. మన హకీములు తరతరాలుగా వాడిన మూలిక కదా అని నా మనసూ అటే మొగ్గింది. మాత్ర మానేశాను. నాలుగు నెలల తరువాత పరీక్షిస్తే ఎల్‌డీఎల్ 171! అంతకంటే నన్ను బాధించిన విషయం మరొకటుంది. ఈలోగా మసీదులో సలహా అడిగిన ఇద్దరికి ఆ పొడినే సిఫారసు చేశాను.

వేరును నిందించడం న్యాయం కాదు. దానికి లేని శక్తిని నేనే ఆపాదించాను. మరి దానికి ఉన్న శక్తి ఏమిటి?

నీలిపూలు పూసే కాస్నీ మొక్క మనకు కొత్తది కాదు. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ దీని వేరే. అరబ్బీలో దీనిని హిందబా అంటారు. ఇబ్నె సీనా (980-1037) దీనిపై ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రచించారు. యునానీ వైద్యంలో 'బీఖె కాస్నీ' పేరుతో ఈ వేరును ముఖ్యంగా కాలేయానికి సంబంధించిన వ్యాధులలో వాడుతారు.

తాజా వేరు బరువులో దాదాపు 15 నుంచి 20 శాతం ఇన్యులిన్ అనే పీచుపదార్థం ఉంటుంది. ఇది చిన్నపేగులో జీర్ణం కాదు. పెద్దపేగులోకి చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఆ ప్రక్రియలో పుట్టే కొన్ని ఆమ్లాలు శరీరంలోని కొవ్వుల నిర్వహణకు కొంత తోడ్పడతాయి. అయితే దీనివల్ల ఎల్‌డీఎల్ తగ్గినా ఆ తగ్గుదల స్వల్పమే. రక్తంలోని కొలెస్ట్రాల్‌లో అధికభాగం కాలేయంలోనే తయారవుతుంది. ఆ తయారీనే అదుపుచేసే మాత్ర స్థానాన్ని పీచుపదార్థం భర్తీ చేయలేదు. కాఫీలోని చికోరీపై కూడా ఆశలు పెట్టుకోనక్కరలేదు. వేయించినప్పుడు ఇన్యులిన్ కొంత నశిస్తుంది.

వాడదలచిన వారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మోతాదు మించితే కడుపుబ్బరం కలుగుతుంది. చేమంతి జాతి మొక్కలు సరిపడనివారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తీసుకోరాదు. కాస్నీ చేరే షర్బతె బజూరీలో చక్కెర పాలు ఎక్కువ కనుక మధుమేహులు గమనించాలి. వేరు అన్నంత మాత్రాన హాని ఉండదనుకోవడమూ పొరపాటే. అతిమధురం వేరును ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది.

వ్యాధికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అదేవిధంగా, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడనీ హెచ్చరించారు. ఈ రెండవ మాటను ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. నా విషయంలో మాత్రం మరచిపోయాను. పరీక్ష ఫలితం చేతికందిన సాయంత్రమే ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి పొరపాటు ఒప్పుకున్నాను. వారిలో ఒకరు అప్పటికే రక్తపోటు మాత్ర కూడా మానేసి ఉన్నారు. మరునాడు ఆయనను నేనే వైద్యుని వద్దకు తీసుకెళ్లాను.

ఇప్పుడు మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను. వైద్యునికి చెప్పే కాస్నీ కషాయమూ తాగుతున్నాను. ఇంట్లో డాల్డా వాడకం మానేశాం. ఫజ్ర్ నమాజు తరువాత అరగంట నడుస్తున్నాను. గత నెల ఎల్‌డీఎల్ 98కి దిగింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇందులో వేరు వాటా ఎంతో నేను చెప్పలేను. ఎవరైనా మూలిక గురించి అడిగితే, ముందు వారు వాడుతున్న మందుల చీటీ చూపించమంటున్నాను. ఆ చీటీతోనే వైద్యుని వద్దకో, అర్హతగల హకీము వద్దకో పంపుతున్నాను.