జబ్బుకు పేరు పెట్టేముందు

చింతలపూడి దగ్గర పల్లె నుంచి ఒకావిడ ఏలూరులో మానసిక వైద్యుడి దగ్గరకు వచ్చిందనుకుందాం. వెంట భర్త, అత్తగారు ఉన్నారు. ‘ఏమైందమ్మా?’ అంటే ఆవిడ మనసు ఊసే ఎత్తదు. ఒళ్లంతా మంటలంటుంది. తల నరాలు లాగుతున్నాయంటుంది. గుండెదడ, నిద్ర లేదు, అన్నం సయించదు. అత్తగారు అందుకుని, సందెవేళ మామిడితోట కాడ గాలి సోకిందనీ, తాయెత్తు కట్టించామనీ చెబుతుంది. నిరుడు పోయిన పిల్లాడి సంగతి ఎవరూ ఎత్తరు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. డాక్టరు డిప్రెషన్ అని రాసి మాత్రలిస్తాడు. ఆ మాత్రలు సరైనవే కావచ్చు. కానీ తన బాధకూ వాటికీ సంబంధమేమిటో ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆవిడ రెండు వారాలకే మానేస్తుంది.

మానవశాస్త్రం అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. మనలో చాలామందికి అది గిరిజన గూడేల గురించిన చదువనే అభిప్రాయం ఉంది. దాని అసలు పనితనం వేరు: ఒకచోట చాన్నాళ్లు ఉండి, తీర్పు చెప్పకుండా వినడం. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ వైద్యుడు, మానవశాస్త్రవేత్త కూడా. 1901-02లో నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య పనిచేశాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, స్కాట్లాండులోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో, యుద్ధభూమి నుంచి మనసు చెదిరి వచ్చిన అధికారులకు చికిత్స చేశాడు. మరిచిపొమ్మని అందరూ చెప్పినదాన్నే ఆయన వాళ్లచేత మాట్లాడించాడు.

మన గోదావరి గట్టు మీదే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అమెరికా పండితుడు డేవిడ్ నైప్ రాజమండ్రిలో వీరభద్రుడి ఆరాధనను పరిశీలించి 1989లో ఒక వ్యాసం ప్రచురించాడు. కొన్ని కుటుంబాల్లో, చిన్నతనంలో పోయిన బిడ్డ వీరభద్రుడవుతాడు. విభూతి పండు రూపంలో ఇంట్లో పూజలందుకుంటాడు. పోయినవాడు పోయినట్టే ఉండడు, ఏటేటా పెరుగుతాడు. సంబరంలో డప్పుల మోత మధ్య అయినవాళ్లలో ఒకరి మీదికి వచ్చి మాట్లాడతాడు, తనకేం కావాలో అడుగుతాడు. ఊరేగింపు గోదావరికి వెళుతుంది.

ఇలాంటి ఇంటి నుంచి వెళ్లిన తల్లి డాలస్‌లో కౌన్సెలర్ ముందు కూర్చుని, ‘మా బాబు నామీదికొచ్చి మాట్లాడాడు’ అంటే? పాఠ్యపుస్తకం ఒక్కటే చదివినవాళ్లు అది భ్రాంతి అనుకునే ప్రమాదముంది. నైప్ రాసింది చదివినవాళ్లకు అడగాల్సినవి తోస్తాయి. బాబు సంబరంలోనే వస్తాడా, వంటింట్లో నడిరాత్రి కూడా వస్తాడా? వచ్చి వెళ్లాక మీ మనసు కుదుటపడుతుందా, భయమేస్తుందా? మీ అమ్మా అత్తా ‘అవును, మన వీరభద్రుడే’ అంటున్నారా, ‘ఇదేదో వేరేలా ఉంది’ అంటున్నారా? పూనకానికీ జబ్బుకీ తేడా ఆ కుటుంబాలకు ముందే తెలుసు. ఆ తెలివిని పక్కనపెట్టి చేసే రోగనిర్ధారణ సగమే.

ఆర్థర్ క్లైన్‌మన్ అనే మానసిక వైద్యుడు, మానవశాస్త్రవేత్త చైనాలోని హునాన్‌లో నరాల బలహీనత అని రాయించుకున్న 100 మందిని పరీక్షించాడు. 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. అయినా అంతటితో ఆగలేదు. వాళ్లలో చాలామంది సాంస్కృతిక విప్లవపు దెబ్బలు తిన్నవాళ్లు. మనసు బాధ బయటికి చెప్పుకోలేని కాలంలో తలనొప్పి గురించి చెప్పుకోవచ్చు. క్లైన్‌మన్ రోగుల్ని అడగమన్న ప్రశ్నలు మన మాటల్లో ఇలా ఉంటాయి: మీ ఇంట్లో దీన్నేమంటారు? ఎందువల్ల వచ్చిందనుకుంటున్నారు? ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు మొదలైంది? అన్నిటికన్నా మీకు దేనికి భయం? అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం కూడా 2013 కూర్పులో ఇలాంటి 16 ప్రశ్నల ఇంటర్వ్యూను చేర్చింది. నా మట్టుకు భయం గురించిన ప్రశ్నే ముఖ్యం. దానికి మన చింతలపూడి ఆవిడ జవాబు బహుశా జబ్బు గురించే ఉండదు. పుట్టింటికి పంపేస్తారేమో, కూతురికి సంబంధాలు రావేమో అని ఉంటుంది.

అలాగని ప్రతి పల్లెటూరి మనిషినీ గాలి, దిష్టి గురించే అడగడం ఇంకో పొరపాటు. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు అప్పుల్లో మునిగినవాడికి నిద్ర పట్టకపోతే, అక్కడి దేవత పెద్దింట్లమ్మ మీద నమ్మకం ఉందా అని ఆరా తీస్తే ఏం లాభం? మంచి మానవశాస్త్రవేత్త ముందు చెరువు ఎవరిది, అప్పు ఎవరికి అని అడుగుతాడు.

గుడుల సంగతీ ఉంది. తమిళనాడులో ఒక గుడిలో ఉండి స్వస్థత పొందుతున్న 31 మంది మానసిక రోగులను రఘురాం అనే పరిశోధకుడి బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. మందుల్లేకుండానే, సగటున ఆరు వారాల్లో లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ కట్టేయడం, కొట్టడం లేవు, తోడుగా ఇంటివాళ్లు ఉన్నారు. అదే రాష్ట్రంలోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసిన 28 మంది కాలిపోయారు. గొలుసును సంప్రదాయమని సమర్థించే మానవశాస్త్రం నాకక్కర్లేదు.

డాక్టరుకు తీరిక లేకపోతే కొంత పని ఇంటివాళ్లూ చేయొచ్చు. తాయెత్తు కట్టించినా, దర్గాకు వెళ్లినా, ప్రార్థన చేయించినా దాచకుండా చెప్పండి. పసరు మందులేమైనా తాగించి ఉంటే తప్పకుండా చెప్పండి. పేషెంటుతో కాసేపు ఒంటరిగా మాట్లాడమని డాక్టర్ని మీరే అడగండి. అత్తగారి ముందు రాని మాట అప్పుడొస్తుంది. ఆసుపత్రి దాకా వెళ్లలేనివాళ్లు టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.