అంటువ్యాధి వేళ అంగడి

అంటువ్యాధి ప్రబలినప్పుడు పెళ్లిళ్లు వాయిదా పడతాయి, బడులు మూతపడతాయి, ప్రయాణాలు ఆగుతాయి. తిండి సరుకుల కొనుగోలు మాత్రం ఆగదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా కుటుంబాలకు గడప దాటడానికి మిగిలిన కారణం బజారు ఒక్కటే. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో నిత్యావసరాల కోసం మొదట ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు సమయం ఇచ్చారు. ఆ నెలాఖరున పట్టణాల్లో దాన్ని ఉదయం 11 గంటల వరకే కుదించారు. మచిలీపట్నం, గుడివాడ వంటి ఊళ్లలో ఏ పూటకా పూట కూర తెచ్చుకునే అలవాటుకు గండి పడింది. దివిసీమ చివర సముద్రం ఒడ్డునున్న హంసలదీవి వంటి పల్లెలది మరో చిక్కు. పచారీ సామాను కోసం కోడూరుకో అవనిగడ్డకో వెళ్లాలి. ఆర్టీసీ బస్సులు తిరిగి రోడ్డెక్కింది మే 21న.

ప్రమాదం ఎక్కడుందో తొలి వారాల్లో స్పష్టత లేదు. ఆ మార్చిలోనే అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటలు, స్టీలు మీద 48 గంటలు, అట్టపెట్టె మీద దాదాపు 24 గంటల వరకు కనిపించిందన్నది వాటి సారాంశం. ఆ అంకెలు విన్న జనం పాలప్యాకెట్లను సబ్బుతో తోమారు, కూరగాయలను పసుపునీళ్లలో నానబెట్టారు, సరుకుల సంచిని రోజంతా అరుగు మీదే వదిలేశారు. భయం సహజమే. కానీ ఆ ప్రయోగం ఎండ తగలని గదిలో, 21 నుంచి 23 డిగ్రీల వేడిలో జరిగింది. పైగా ప్లాస్టిక్ మీద వైరస్ సుమారు 7 గంటలకోసారి సగానికి పడిపోతూ వచ్చిందని కూడా అదే ప్రయోగం చూపింది. కృష్ణా డెల్టా ఏప్రిల్ ఎండలో అది ఇంకా త్వరగా నశిస్తుంది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకినందువల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో తేల్చింది. ఈ వైరస్ ప్రధానంగా వ్యాపించేది ఊపిరి తుంపరల ద్వారా, గాలి ద్వారా. వంకాయ మీద కంటే దాన్ని బేరమాడే ఇద్దరి నడుమ గాలిలోనే ముప్పు ఎక్కువ.

కడగడంలోనూ హద్దుంది. వైరస్ పైనుండే కొవ్వు పొరను సబ్బు విడగొడుతుంది, అందుకే చేతులకు సబ్బు. కూరగాయలకు సబ్బు పెడితే అది తొక్కలో, ఆకు మడతల్లో మిగిలి కడుపులోకి పోతుంది. వాటికి శుభ్రమైన నీళ్లు చాలు. 2020 మేలో అమెరికాలో 502 మందిని అడిగితే, వారిలో 19 శాతం మంది ఆహార పదార్థాలను బ్లీచింగ్ ద్రావణంతో కడిగామన్నారు. వ్యాధి భయంతో విషం ముట్టుకోవడమే అది.

గాలిలోని ముప్పును తగ్గించాలంటే ఒకేసారి ఒకచోట ఉండే మనుషుల సంఖ్య తగ్గాలి. ఒక బజారుకు రోజుకు 600 మంది వస్తారని, ఒక్కొక్కరు అరగంట ఉంటారని అనుకుందాం. బజారు 15 గంటలు తెరిచి ఉంటే ఏ క్షణంలోనైనా సగటున 20 మంది ఉంటారు. 5 గంటలే తెరిస్తే 60 మంది. ఇద్దరిద్దరు ఎదురుపడే జతలు 20 మందిలో 190 అయితే 60 మందిలో 1,770. మనుషులు మూడింతలైతే జతలు తొమ్మిదింతలు దాటాయి. వేళలు కుదించడం వల్ల వీధిలో తిరుగుడు తగ్గి ఉండవచ్చు, కొట్టు ముందు మాత్రం ఒత్తిడి పెరిగింది. రైతుబజార్లను విడగొట్టి బడి మైదానాలకు, స్టేడియాలకు తరలించడం, మనిషికీ మనిషికీ మధ్య సున్నంతో గళ్లు గీయడం, తోపుడు బళ్లను వీధుల్లోకి పంపడం అంతకంటే ఎంతో మేలైన పనులు. అలా చేయని చోట ఏం జరిగిందో చెన్నై కోయంబేడు మార్కెట్ చూపింది. అక్కడ పుట్టిన కేసులు తమిళనాడు జిల్లాలకే కాక చిత్తూరు, నెల్లూరుకూ పాకాయి. 2020 మే 5న ఆ మార్కెట్‌ను మూసేశారు.

ఇంటివాళ్లు చేయగలిగింది వెళ్లే సార్లు తగ్గించుకోవడం. రోజూ వెళ్లే మనిషి వారానికొకసారి వెళితే ఎదురుపడే వారి సంఖ్య ఏడో వంతుకు దిగుతుంది. దానికి ఇంట్లో నిల్వ కావాలి. ఈ విషయంలో డెల్టాకు పాత బలం ఉంది. వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లడం ఇక్కడి పద్ధతి. ఆ పంట ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. లాక్‌డౌన్ మొదలయ్యేసరికి రైతుల ఇళ్లలో కొత్త మినుములున్నాయి. ధాన్యం పురికట్టే ఇళ్లు ఇప్పుడు తక్కువే అయినా, తిండిగింజలు బస్తాల్లో ఉంచుకునేవి చాలా ఉన్నాయి. గింజలో తేమ 14 శాతానికి లోపుంటే బూజు పట్టదు. బాగా ఎండబెట్టి మూత బిగించిన పప్పు నెలల తరబడి చెడదు.

కూరగాయల సంగతి వేరు. కోసిన తర్వాత కూడా అవి శ్వాసిస్తాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస రెండు మూడింతలవుతుంది, వాడిపోవడమూ అంతే వేగంగా జరుగుతుంది. తోటకూర, గోంగూర వేసవిలో ఒక పూట దాటితే వాలిపోతాయి. కంద, చేమ, గుమ్మడి, ఉల్లి గాలాడే చోట వారాలు ఆగుతాయి. వారం సంచిలో ఆకుకూరలు తెచ్చిన రోజుకే, బెండ, దొండ, వంకాయ నడిమి రోజులకు, దుంపలు చివరికి అన్న వరుస పెట్టుకుంటే పారేసేది ఉండదు. లాక్‌డౌన్ నడిచిన ఏప్రిల్, మే నెలలు మామిడి కాలం కావడం కలిసొచ్చింది. ఆవకాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది, కాయ పులుపు సూక్ష్మజీవులను అణుస్తుంది, పైన తేలే నూనె గాలి తగలనివ్వదు.

చేపల దగ్గర సమస్య బిగుసుకుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. 2020లో దాన్ని మే 31 వరకు, అంటే 47 రోజులకు తగ్గించారు. చేపను తాజాగా ఉంచాలంటే కిలో చేపకు కిలో ఐసు పడుతుంది, ఐసు కరిగేకొద్దీ మళ్లీ వేయాలి. లాక్‌డౌన్‌లో ఐసూ బండీ రెండూ కరువే. నాగాయలంక, కోడూరు తీరంలో ఇలాంటి రోజులకు ఎప్పటి నుంచో ఉన్న జవాబు ఎండుచేపలు, ఎండురొయ్యలు. ఉప్పు పట్టించి ఎండబెడితే బ్యాక్టీరియాకు అందే నీరు మిగలదు. రక్తపోటు ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఆ ఉప్పును బాగా కడిగి, తక్కువగా తినాలి. కోవిడ్ తీవ్రమయ్యే ముప్పు ఎక్కువున్నదీ వాళ్లకే.

వారానికి సరిపడా ఒకేసారి కొనడానికి చేతిలో వారం డబ్బు ఉండాలి. రోజుకూలి మీద బతికే ఇంటికి, ఫ్రిజ్ లేని ఇంటికి ఆ సలహా పనికిరాదు. అంటువ్యాధి వేళ కొనుగోలు గురించి చెప్పే చాలా సూచనల్లో ఈ మాట కనిపించకపోవడం పెద్ద లోటు. అలాంటి ఇళ్లను ఆదుకున్నది రేషన్ డిపో. 2020 మార్చి 29న రాష్ట్రంలో ఉచిత బియ్యం, కార్డుకు కిలో కందిపప్పు పంపిణీ మొదలైంది. ఏప్రిల్ నుంచి కేంద్ర పథకం కింద మనిషికి నెలకు 5 కిలోలు అదనంగా వచ్చాయి. మొదటి విడతలో డిపోల ముందు జనం కిక్కిరిశారు. ఏప్రిల్ మధ్యలో రెండో విడతకు గ్రామ వాలంటీర్లు ఎవరు ఏ వేళ రావాలో రాసిన కూపన్లు ఇంటింటికీ ఇచ్చారు. రాకను రోజంతా పరిచే ఆ కూపన్, పై లెక్క ప్రకారం చూస్తే, వేళలు కుదించడానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పనిచేసింది.

2021 మే 5న రెండో ఉధృతిలో కర్ఫ్యూ వచ్చినప్పుడు కొట్లు మళ్లీ ఉదయం 6 నుంచి 12 వరకే తెరిచారు. అప్పటికి బియ్యం వీధిలోకే వస్తోంది. ఆ జనవరి 21న ప్రారంభించిన 9,260 వాహనాలు ఆ పని చేశాయి. 2025 జూన్ 1 నుంచి ఆ వాహనాలు ఆగి పంపిణీ డిపోలకు తిరిగి మళ్లింది. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం సరుకులు ఇంటికే అందించే ఏర్పాటు కొనసాగించారు.