కమాండెంట్ తానం గుంట ఊరందరిదైన కథ

మా ఊర్ల పెద్ద మోటబాయి ఒకటుండె. ఎండకాలమొస్తే పెద్దిండ్ల పిలగాండ్లు నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకొని దాంట్ల ఈత కొట్టేటోళ్లు. మా వాడ పిలగాండ్లం గట్టు మీద నిలబడి చూసుడే. దిగితే నీళ్లు మైలపడుతయట! మా తాత మాత్రం "ఆ బాయి తవ్వినోళ్లల్ల నేను సుత ఉన్నరా" అనేటోడు.

ఆస్ట్రేలియాల న్యూకాజిల్ అనే పట్నం కథ చదివినప్పుడు నాకు మా తాతనే యాదికొచ్చిండు.

న్యూకాజిల్ సిడ్నీకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న బొగ్గు పట్నం. ఆ నేల అవబకల్, వోరిమి ఆదివాసులది. 1804ల బ్రిటిషోళ్లు అక్కడ ఖైదీల బస్తీ పెట్టిన్రు. శిక్షల ఉండి మళ్ల తప్పు చేసినోళ్లను అక్కడికి తోలి బొగ్గు తవ్విచ్చిన్రు, సున్నం కాల్పిచ్చిన్రు. మేజర్ జేమ్స్ మోరిసెట్ కమాండెంట్‌గ ఉన్నప్పుడు, 1819 ప్రాంతంల, ఆయన తానం కోసం ఒడ్డు మీది బండను ఖైదీలతోని చెక్కిచ్చిన్రు. దానికి 'కమాండెంట్ బాత్' అని పేరు. చెమట ఖైదీలది, తానం దొరది.

ఆ గుంటకు మోటరు లేదు, పైపు లేదు. అలలు బండ దాటి వచ్చి నింపుతయ్, పాత నీళ్లు మళ్ల సముద్రంలకు పోతయ్. అలలు మనిషిని లోపలికి గుంజుకపోకుంట చుట్టున్న బండ అడ్డముంటది. తుఫాను దినాలల్ల మాత్రం అక్కడ సుత పైలమే.

1863ల ఆ జాగ మున్సిపాలిటీ చేతికొచ్చింది, గుంట జనానిదైంది. 1884ల ఇంక పెద్దగ చేసిన్రు. ఇప్పుడు దాన్ని 'బోగీ హోల్' అంటరు. 'బోగీ' అంటే సిడ్నీ దిక్కు ఆదివాసుల మాటల తానం చేసుడు. చూసిన్రా, కమాండెంట్ పేరు పోయింది, ఆదివాసుల మాట నిలబడ్డది.

అయితే జాగ దొరికితే సరిపోతదా? ఆ న్యూ సౌత్ వేల్స్ రాజ్యంల 1838ల ఒక చట్టం తెచ్చిన్రు. పొద్దుగాల 6 నుంచి రాత్రి 8 దాక పట్నాలల్ల జనం కండ్ల పడేటట్టు తానం చేయొద్దని. మరి పొద్దంత పనిచేసే కూలి మనిషి తానం ఎప్పుడు చేయాలె? 1900 దాటినంకనే పట్టపగలు సముద్రంల దిగే హక్కు మెల్లగ దొరికింది.

1922ల అదే పట్నంల 'న్యూకాజిల్ ఓషన్ బాత్స్' తెరిచిన్రు. 1935ల మెర్‌వెదర్ బాత్స్ వచ్చినయ్. రెండిట్ల సముద్రం నీళ్లే, రెండు మున్సిపాలిటీవే. గని పనోళ్లు, ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులు ఉన్న ఊర్ల పిలగాండ్లకు పైస లేకుంట ఈత దొరికింది.

కథ గక్కడ్నే ఒడువలే. 2019ల ఓషన్ బాత్స్‌ను బాగుచేసే పనికి ప్రైవేటోళ్లు రావచ్చని మున్సిపాలిటీ పిలుపిచ్చింది. ఊరోళ్లు కలిసి సంఘం పెట్టుకున్నరు, ఇది జనం ఆస్తి, జనం చేతిలనే ఉండాలె అన్నరు. తర్వాత మున్సిపాలిటే కొలనును బాగుచేపిచ్చింది. ఇయ్యాల్టికీ దిగనీకి టికెట్ లేదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మనకు సముద్రం లేదు, ఈ ముచ్చట మనకెందుకు అనకున్రి. ఎండకాలం సెలవులొస్తే మన పిలగాండ్లు క్వారీ గుంటలల్ల, చెరువులల్ల దిగి పానాలు పోగొట్టుకుంటున్నరు. పట్నంల ఈతకొలనుకు పోదామంటే గంటకింత అని రేటు. పైసలున్నోనికి నీలి టైల్స్, లేనోనికి క్వారీ గుంట. లోతు తెలిసిన జాగ, పట్టుకునే మెట్టు, చూసుకునే మనిషి ఉంటే చాలు, ఎన్నో పానాలు నిలుస్తయ్. గ్రామసభల ఎవలన్న గిది అడిగిన్రా?

ఊరుమ్మడి జాగ దానంతటదే పుట్టది. ఎవలో తవ్వుతరు, ఎవలో పట్టుబట్టి అందరిది చేస్తరు, తర్వాతోళ్లు కావలి కాస్తరు. మా తాత తవ్వుడు కాడికే ఆగిండు. మిగిలిన రెండు పనులు మనయి.